గుమ్మం ఎందుకు పుచ్చుతుంది?

మీ ఇంటి వీధి తలుపును ఒకసారి పరీక్షగా చూడండి. లోపలివైపు చెక్క నున్నగా, తేనెరంగులో ఉంటుంది. బయటివైపు అదే చెక్క బూడిదరంగుకు తిరిగి, గరుకుగా, సన్నని బీటలతో కనిపిస్తుంది. ఇప్పుడు కిందికి వంగి ద్వారబంధం నేలను తాకేచోట గోటితో నొక్కి చూడండి. చాలా ఇళ్ళలో అక్కడ గోరు దిగుతుంది! ఒకే చెట్టు, ఒకే వడ్రంగి, ఒకే రోజున బిగించిన కలప. పైభాగం గట్టిగా ఉంది, కిందిభాగం పుచ్చింది. ఎందుకు?

మన గోదావరి డెల్టాలో ఇది చిన్న ప్రశ్న కాదు. కోనసీమలో ఇప్పటికీ అక్కడక్కడా మండువా లోగిళ్ళు ఉన్నాయి. టేకు స్తంభాలు, చెక్కడపు ద్వారబంధాలు, తాటి దూలాలు, పెంకు కప్పు వాటి అందం. వాటిలో కొన్ని నూరేళ్ళు దాటినా నిలిచి ఉన్నాయి. వాటి పక్కనే నిన్నగాక మొన్న కట్టిన డాబాల గుమ్మాలు పదేళ్ళకే పుచ్చిపోతున్నాయి. పుచ్చిన ప్రతి గుమ్మానికీ బదులుగా మరో చెట్టు పడిపోవాలి. టేకు చెట్టు మంచి చేవ పట్టడానికి యాభై, అరవై ఏళ్ళు పడుతుంది. అంటే మీ తాతగారు నాటిన చెట్టును మీరు నరికి, పదేళ్ళలో మట్టిపాలు చేస్తున్నారన్నమాట. కాబట్టి కలపను ఎవరు తింటున్నారో, వారిని ఎలా ఆపాలో తెలుసుకోవడం మనకు అవసరం.

మొదటి శత్రువు: ఎండ

కలపలో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. పొడవైన దారాల్లాంటి సెల్యులోజ్, దానికి తోడుగా హెమీసెల్యులోజ్, వీటన్నిటినీ పట్టి ఉంచే లిగ్నిన్. ఇటుక గోడతో పోలిస్తే సెల్యులోజ్ ఇటుక, లిగ్నిన్ సున్నం. కలప బరువులో 20 నుంచి 30 శాతం వరకు లిగ్నినే ఉంటుంది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను లిగ్నిన్ బాగా పీల్చుకుంటుంది. పీల్చుకుని ముక్కలవుతుంది. ఆ ముక్కలను వాన కడిగేస్తుంది. పైన మిగిలేది వదులైన సెల్యులోజ్ పోగులు. వాటి మీద నల్లటి బూజు చుక్కలు చేరతాయి. ఈ రెండూ కలిసి ఇచ్చే రంగే మీరు చూసిన బూడిదరంగు.

అయితే భయపడనక్కరలేదు. ఈ కిరణాలు చెక్కలోకి మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే దూరగలవు. పైన్ వంటి మెత్తని కలపను రంగు వేయకుండా బయట నిలబెట్టినా, ఎండావానలకు అరిగేది నూరేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లే. మరి ఎండ చేసే అసలు నష్టం ఏమిటి? అది బీటలు తెరిచి, రెండో శత్రువుకు దారి ఇస్తుంది.

రెండో శత్రువు: నీరు

వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి, వేసవిలో వదులవడం మీకు అనుభవమే. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుంటుంది. కానీ అన్ని దిశలలో ఒకేలా కాదు. పొడవులో మార్పు దాదాపు ఉండదు. అడ్డంలోనే ఉంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 10 శాతం నుంచి 18 శాతానికి పెరిగితే, ఆ పలక సుమారు 3 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. అటువంటి నాలుగు పలకలతో చేసిన తలుపు ఒక సెంటీమీటరుకు పైగా ఉబ్బాలి కదా! అందుకే తెలివైన వడ్రంగి చట్రానికి గాడి తీసి, పలకను అందులో జిగురు పెట్టకుండా జారవిడుస్తాడు. ఉబ్బినప్పుడు పలక గాడిలోకి జరుగుతుంది, తలుపు పగలదు.

మరో సంగతి. చెట్టు బతికి ఉన్నప్పుడు వేళ్ళ నుంచి ఆకులకు నీరు దారునాళాల గుండా వెళ్ళేది. చెట్టును కోసినా ఆ గొట్టాలు అలాగే ఉంటాయి. కాబట్టి అడ్డంగా కోసిన కొస నుంచి నీరు ఎక్కినంత వేగంగా పక్కల నుంచి ఎక్కదు. ద్వారబంధం అడుగు కొస తడి నేల మీద ఆనితే, దీపపు వత్తి నూనె పీల్చినట్లు అది నీటిని పీలుస్తుంది. మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మూడో శత్రువు: శిలీంధ్రం

తడి చెక్క మీద కనిపించే వాటినన్నిటినీ మనం బూజు అంటాం. కానీ ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి పైపైన పెరిగే బూజు. ఇది చెక్క పైపొరలోని చక్కెరలను, పిండి పదార్థాలను, పేరుకున్న దుమ్మును తింటుంది. నల్లగా, పచ్చగా అసహ్యంగా కనిపిస్తుంది. చెక్క బలానికి మాత్రం దాదాపు హాని చేయదు. తుడిస్తే పోతుంది.

రెండోది పుచ్చు తెచ్చే శిలీంధ్రం. ఇది పుట్టగొడుగుల జాతి. దీని సన్నని తంతువులు చెక్క లోపలికి పాకి, ఎంజైములను స్రవించి, సెల్యులోజ్‌నూ లిగ్నిన్‌నూ కరిగించి తింటాయి. కొన్ని రకాలు సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, చిన్న చిన్న ఘనాలుగా పగిలి, చేతిలో పొడి అవుతుంది. మరికొన్ని లిగ్నిన్‌ను కూడా తింటాయి. అప్పుడు చెక్క తెల్లబడి పీచుపీచుగా మారుతుంది. ఇది పైకి కనిపించే సరికి లోపల చాలా పని జరిగిపోయి ఉంటుంది.

ఈ శిలీంధ్రం బతకడానికి నాలుగు కావాలి: తిండి, గాలి, వెచ్చదనం, నీరు. తిండి చెక్కే. గాలిని ఆపలేము. వెచ్చదనం మన ఊళ్ళలో సంవత్సరమంతా ఉంటుంది. ఇక మన చేతిలో మిగిలింది నీరు ఒక్కటే. చెక్కలో తేమ 20 శాతానికి లోపల ఉంటే పుచ్చు శిలీంధ్రం పెరగలేదు. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకోండి.

దీనికి రుజువు రేవులోనే ఉంది. పడవ కట్టే గుంజను గమనించండి. నీటి లోపల ఎప్పుడూ మునిగి ఉండే భాగం గట్టిగా ఉంటుంది. అక్కడ నీరుంది, గాలి లేదు. పైన ఎండలో ఉండే భాగమూ గట్టిగానే ఉంటుంది. అక్కడ గాలి ఉంది, నీరు లేదు. పుచ్చేది నీటిమట్టం దగ్గర, రెండూ కలిసే చోట.

మన డెల్టాకు ఏడాదికి 1100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నైరుతి రుతుపవనాలు వెళ్ళీ వెళ్ళకముందే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. వాటితో తుఫానులు. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 16 శాతానికి చేరుతుంది. గాలి తేమ 90 శాతమైతే చెక్కలో తేమ దాదాపు 20 శాతం. అంటే మన కలప ఎప్పుడూ గీత అంచునే నిలబడి ఉంటుంది. కొంచెం వానజల్లు తగిలినా గీత దాటుతుంది.

పాత ఇళ్ళు ఎలా నిలిచాయి?

మండువా లోగిలి కట్టిన మేస్త్రీలకు శిలీంధ్రాల సంగతి తెలియకపోవచ్చు. కాని వారి పని చూస్తే 20 శాతం సూత్రం తెలిసినట్టే ఉంటుంది. స్తంభాన్ని నేలలో పాతలేదు. రాతి దిమ్మె మీద నిలబెట్టారు. కొస తడిని తాకదు. చూరును గోడ దాటి బాగా ముందుకు దింపారు. వాన నిలువుగా పడితే గుమ్మానికి చేరదు. అరుగు ఎత్తుగా వేశారు. నేల మీద పడిన చినుకు చిట్లినా ద్వారబంధం వరకు ఎగరదు. మధ్యన మండువా తెరిచి ఉండటంతో గాలి ఇల్లంతా ఆడుతుంది. తడిసినది త్వరగా ఆరుతుంది. ఏటా వేసవిలో పెంకు సర్దించి, విరిగిన పెంకు మార్చేవారు.

కలపనూ ఎంచి వాడారు. చెట్టు నడిమి ముదురు భాగమే చేవ. టేకు చేవలో టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు ఉంటాయి. అవి చెదలకూ, శిలీంధ్రాలకూ గిట్టవు. చుట్టూ ఉండే తెల్లటి పై చెక్కలో ఆ రక్షణ లేదు. అది టేకుదైనా సరే, పుచ్చుతుంది. "టేకు గుమ్మమేనండీ, అయినా పుచ్చింది" అని ఎవరైనా అంటే, అందులో ఎంత చేవ ఉందో చూడమనండి. ఒకప్పుడు పాపికొండల అవతలి అడవుల నుంచి ముదురు కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి తెచ్చేవారు. నేడు అడితిలో దొరికేది ఎక్కువగా లేత చెట్ల కలప. అందులో తెల్లచెక్క పాలు హెచ్చు.

ఇక కొత్త ఇళ్ళలో ఏం చేస్తున్నాం? చూరును ఒక అడుగుకు కుదించాం. ద్వారబంధం కాళ్ళను సిమెంటు గచ్చులో పాతుతున్నాం. సిమెంటు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. గచ్చు కడిగిన ప్రతిసారీ కొస తడుస్తుంది, ఆరడానికి దారి లేదు. సగం జవాబు ముందే చెప్పాను. మిగతా సగం ఇదీ.

ప్రపంచంలో ఇతరులు

జపానులోని హోర్యూజీ ఆలయంలో ఏడవ శతాబ్దినాటి కొయ్య కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అక్కడా వానలు ఎక్కువే. కప్పుల అంచులు గొడుగులా చాలా దూరం ముందుకు చాచి ఉంటాయి. నార్వేలో బోర్గుండ్ అనే చోట సుమారు 1180లో కట్టిన కొయ్య చర్చి ఉంది. దానికి పైన్ చెట్ల నుంచి తీసిన తారును తరతరాలుగా పూస్తున్నారు. స్వీడనులో దుంగలతో కట్టిన ఇళ్ళకు ఫాలున్ రాగిగని మట్టితో చేసిన ఎర్రరంగు వేస్తారు. ఆ మట్టిలోని ఐరన్ ఆక్సైడు ఎండను అడ్డుకుంటుంది. ఆ రంగు పొర చెక్కను ఊపిరాడకుండా మూసేయదు. లోపలికి పోయిన తేమ తిరిగి బయటికి రాగలదు.

ఈ చివరి మాట ముఖ్యం. తడి చెక్కకు మందమైన ఎనామెలు వేస్తే ఏమవుతుంది? లోపలి తేమ బయటికి రాలేదు. చెక్క ఉబ్బి, రంగు పొర ఎక్కడో పగులుతుంది. ఆ బీటలోంచి వాన లోపలికి పోతుంది, కానీ తిరిగి రాదు. అందంగా రంగు వేసిన గుమ్మం లోలోపల పుచ్చడానికి కారణం ఇదే.

ఏ నూనె మంచిది?

చెక్కకు నూనె రాయడం మనకు అలవాటు. కాని నూనెలన్నీ ఒకటి కావు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది. ఇటువంటివి ఆరే నూనెలు. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె, వేపనూనె ఆరవు. జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటాయి. వేపనూనె పురుగును కొంత దూరం పెట్టవచ్చు, వానను ఆపలేదు. వంట నూనె రాస్తే కొన్ని శిలీంధ్రాలకు విందు పెట్టినట్టే. అవిసె నూనె కూడా పచ్చిది పూసి వదిలేస్తే మన తేమలో బూజు పట్టవచ్చు. అందుకే దానిని పూత తయారీలో తగిన మందులతోనూ, రంగు మట్టితోనూ కలిపి వాడతారు.

ఒక హెచ్చరిక. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ నూనెతో తడిసిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేస్తే, ఆ వేడి లోపలే పేరుకుని వాటంతటవే అంటుకోగలవు. వాడిన గుడ్డను నీళ్ళలో తడపాలి, లేదా ఆరుబయట విడిగా పరచి ఆరనివ్వాలి.

సముద్రతీరంలో పడవలకు జీడిపిక్క పైతొక్క నూనె పూయడం ఉంది. మోరి జీడిపప్పు తిని ఉంటారు కదా, ఆ పిక్క తొక్కలోని నూనే. చేతికి తగిలితే పొక్కులు లేపే ఆ ఘాటే పురుగులకూ గిట్టదు. దానిని మీరు ముట్టుకోవద్దు సుమా!

కామేశం గారి మందు

పూత పైన ఉంటుంది. శిలీంధ్రం లోపల ఉంటుంది. మందునే లోపలికి పంపితే? మైలుతుత్తం శిలీంధ్రాలను చంపుతుందని, ఆర్సెనిక్ పురుగులను చంపుతుందని చాలాకాలంగా తెలుసు. చిక్కల్లా ఒకటే. రెండూ నీటిలో కరుగుతాయి. నాలుగు వానలు పడితే చెక్కలోంచి కొట్టుకుపోతాయి.

ఈ చిక్కు విప్పినవాడు తెలుగువాడు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, ఆర్సెనిక్ లవణాలకు క్రోమియం లవణాన్ని జోడించాడు. చెక్కలోకి వెళ్ళిన క్రోమియం రసాయన మార్పు చెంది, మిగిలిన రెండింటినీ నీటిలో కరగని రూపంలో చెక్కకు అతికించేస్తుంది. ఇక వాన కడగలేదు. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలను కలిపి దానికి 'ఆస్క్యూ' అనే వ్యాపార నామం వచ్చింది. 1938లో అమెరికా పేటెంటు లభించింది. కలపను పెద్ద ఇనుప పీపాలో పెట్టి, ముందు గాలి లాగేసి, తరువాత ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కిస్తారు. టెలిఫోను స్తంభాలు, కరెంటు స్తంభాలు, కంచె గుంజలు, వంతెన కలప, ఇళ్ళ వసారాలు, ఇలా ప్రపంచమంతటా అది వ్యాపించింది. మెత్తని చవక కలప కూడా దశాబ్దాలు నిలిచింది. ఎన్ని చెట్లు మిగిలాయో ఊహించండి!

కానీ కథ అక్కడితో ముగియలేదు. ఆర్సెనిక్ మనిషికీ విషమే. ఆ కలప నుంచి అది కొద్దికొద్దిగా పైకి వస్తుందనీ, అటువంటి చెక్కను కాలిస్తే పొగలోకీ బూడిదలోకీ చేరుతుందనీ తేలింది. పిల్లలు ఆడుకునే ఊయలలూ, మెట్లూ ఆ కలపతోనే చేస్తున్నారన్న ఆందోళన పెరిగింది. 2003 చివరితో అమెరికాలో తయారీదారులు ఇళ్ళ వాడకానికి దీనిని మానుకున్నారు. 2004లో ఐరోపా దేశాలు గట్టి పరిమితులు పెట్టాయి. ఆర్సెనిక్ లేని రాగి మందులు, వెలిగారం జాతి మందులు దాని స్థానంలోకి వచ్చాయి. ఫిన్లండు వంటి చోట్ల ఏ మందూ లేకుండా కలపను 200 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో ఆవిరితో వేడిచేసి, నీరు పీల్చే గుణాన్నే తగ్గిస్తున్నారు.

కామేశం గారి ఆవిష్కరణ తప్పా? కాదు. అది తన కాలపు ప్రశ్నకు గొప్ప జవాబు. ఆ జవాబు నుంచి కొత్త ప్రశ్న పుట్టింది. శిలీంధ్రానికి విషమై, మనిషికి కాకుండా ఉండే మందు ఏది? ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రావలసి ఉంది. అది మీలో ఒకరి వంతు కావచ్చు.

మీరే చేసి చూడండి

అడితిలోనో, వడ్రంగి దగ్గరో ఒకే మామిడి పలక నుంచి ఒకే కొలత గల ఐదు ముక్కలు అడగండి. నాలుగైదు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, ప్రతిదానినీ తూచి బరువు రాసుకోండి. మొదటిది ఇంట్లో అటక మీద పెట్టండి. రెండోదాన్ని సగం వరకు మట్టిలో పాతండి. మూడోదాన్ని పూర్తిగా నీటిలో మునిగేలా రాయి కట్టి బకెట్లో వేయండి. నాలుగోదాన్ని ఒక ఇటుక మీద నిలబెట్టి చూరు కింద ఉంచండి. ఐదోదాని రెండు కొసలకు మాత్రమే రంగు వేసి, రెండోదాని పక్కనే సగం పాతండి.

నెలకొకసారి పైనీటిని తుడిచి తూచండి. ఇప్పటి బరువులోంచి పొడి బరువు తీసివేసి, పొడి బరువుతో భాగించి, 100తో గుణిస్తే ఎండబెట్టిన తరువాత పెరిగిన తేమ శాతం వస్తుంది. 50 గ్రాముల ముక్క 60 గ్రాములైతే తేమ 20 శాతం పెరిగినట్టు. వర్షాకాలం అయ్యాక ఐదింటినీ మేకుతో గుచ్చి చూడండి. ఏది పుచ్చిందో, ఏది పుచ్చలేదో ముందే ఊహించి కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది.

మృగశిర కార్తెకు ముందు

చెక్క బాగా ఎండి ఉండేది రోహిణి కార్తెలో. అదే సరైన అదును. ముందు సబ్బునీటితో, మెత్తని కుంచెతో బూజు కడిగి, రెండు రోజులు ఆరనివ్వండి. బూజు కడిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బ్లీచింగు పొడిని ఏ ఆమ్లంతోనూ, అమ్మోనియాతోనూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. గరుకు కాగితంతో బూడిదపొర తీసి, పెద్దలచేత పూత వేయించండి. పూత నీడపట్టున వేయాలి, మండుటెండలో వేస్తే పొక్కులు లేస్తుంది. కొసలకూ, తలుపు అడుగు అంచుకూ రెండు పూతలు తప్పనిసరి. అందరూ మరిచేది అక్కడే. గుమ్మం పక్కన కుండీలు, కట్టెలమోపు ఉంటే దూరం జరపండి. పగిలిన పెంకు మార్పించండి.

వరద వస్తే పద్ధతి వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. అటువంటి వరదల్లో లంక గ్రామాల ఇళ్ళు రోజుల తరబడి నీటిలో ఉంటాయి. వరద తీశాక గుమ్మాలకు అంటిన ఒండ్రు కడిగేయండి. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. పండుగ వస్తోందని వెంటనే రంగు వేయకండి. నీటిని లోపల పెట్టి తాళం వేసినట్టవుతుంది. చెక్క లోపలిదాకా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

కొత్త ఇల్లు కడుతున్నవారు మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే వారికి రెండు మాటలు చెప్పండి. చూరు ఒక అడుగు ముందుకు పెంచమనండి. ద్వారబంధం కాళ్ళ కింద ఒక చిన్న రాతి పలక వేయించమనండి. ఆ రెంటికీ అయ్యే ఖర్చు స్వల్పం. మందుల అవసరం సగం తగ్గుతుంది. ఒక టేకు చెట్టు మరో యాభై ఏళ్ళు అడవిలో నిలబడుతుంది.